కల్లం దగ్గరి బేరం

2024 జూన్ 9, ఆదివారం

మృగశిర కార్తె రాగానే మంచి వాన పడింది. తెల్లారి చూస్తే ఊరి చుట్టూ చేలల్లో మనుషులే. తొలకరికి మట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలతాయని, ఒక్క వజ్రమైనా కంటబడుతుందని కర్నూలు వైపు నుంచి, బళ్లారి వైపు నుంచి పిల్లాజెల్లాతో వచ్చి గట్ల మీదే పగలంతా గడుపుతారు. మా వజ్రకరూరుకి ఇది ఏటా ఉండేదే. వాళ్ల కోసం అంగళ్ల ముందు అయిదు రూపాయల, పది రూపాయల ప్యాకెట్లు దండలు కట్టి వేలాడదీస్తారు. వాళ్లు వెళ్లిపోయినా ఆ దండలు దిగవు. గురువారం బడి తెరుస్తారు. ఇక మన పిల్లల చేతుల్లో అవే.

సాయంత్రం మా పొదుపు సంఘం పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాం. పుస్తకాలు రాసేదాన్ని కాబట్టి ఏ ఇంట్లో ఎంత ఇరుకుందో నాకు తెలుస్తుంది. జూన్ అంటే చేతిలో రూపాయి నిలవని నెల. విత్తనానికి, సేద్యానికి, పిల్లల పుస్తకాలకి పోగా ఇల్లు గడిచేది అంగడి పద్దు మీదే. పద్దు మీద సరుకు తెచ్చుకునే ఆడమనిషికి ఏరుకునే వీలు లేదు. "ఈ బ్యాళ్లు ముక్కవాసన వస్తున్నాయన్నా, వేరేవి చూపించు" అని నగదు ఇచ్చే మనిషి అనగలదు. అప్పుకి నిలబడిన మనిషి అనలేదు. పావుకిలో ఇస్తే పావుకిలో, ఏ కంపెనీ ఇస్తే ఆ కంపెనీ. మంచి తిండి కొనుక్కోండి అని చెప్పేవాళ్లు ముందు ఈ పద్దు పుస్తకం తెరిచి చూడాలి.

2024 జూన్ 20, గురువారం

నిన్న కేంద్రం ఖరీఫ్ మద్దతు ధరలు ప్రకటించింది. కందులు క్వింటాలు 7,550, వేరుశనగ 6,783, రాగులు 4,290. టీవీలో వస్తుంటే పంచాంగం కాగితం వెనక రాసుకున్నాను.

నూరు కిలోల కందులు ఆడిస్తే 70 కిలోల పైచిలుకు బ్యాళ్లు దిగుతాయి. మద్దతు ధరకి కందులు కొంటే కిలో బ్యాళ్లు 108 రూపాయలకి అటూ ఇటూ పడతాయి. మర కూలి, తరుగు కలిపినా 115. ఈ రోజు అంగట్లో కిలో 175. పోయిన చలికాలం కందులు మద్దతు ధర కంటే బాగా మీదే పలికాయి, అది నాకూ తెలుసు. అయినా పుష్యంలో మా వీధి మీదుగా బండ్లెక్కి వెళ్లిన కందులే జ్యేష్ఠంలో ప్యాకెట్లో తిరిగొస్తే, మధ్యలో పెరిగిన ధర మొత్తం మా ఇళ్లే కడుతున్నాయి. దాచిపెట్టినవాడికి ఆ లాభం వస్తుంది. దాచడం మనకీ చేతనైన పనే. మా అత్త కాలంలో ప్రతి ఇంట్లో గాదె ఉండేది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మే నెలలో కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. అంగన్‌వాడీ టీచరు ఫోనులో చూపించింది. ఒక మనిషికి రోజుకి పప్పుధాన్యాలు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, అందులో 100 ఆకుకూర. గింజలు 35, నూనె 27 గ్రాములు. తృణధాన్యాలూ బియ్యమూ అన్నీ కలిపి 250 గ్రాములే. మా ఇంట్లో నలుగురం. పప్పు ఒక్కటే నెలకి 10 కిలోలు కావాలి. ఇప్పటి ధరలో 1,750 రూపాయలు. మేము తెచ్చేది మూడు కిలోలు. మిగతా కడుపు బియ్యంతో నింపుతున్నాం. రేషన్ బియ్యం ఉంది కాబట్టి ఆకలి లేదు, ఆ మేలు కాదనను. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాక ఈ మెట్ట సీమలో గంజికి ఏడ్చే రోజులు పోయాయని అత్త ఇప్పటికీ చేతులెత్తి దండం పెడుతుంది. కానీ పళ్లెంలో బియ్యం పెరిగినకొద్దీ పప్పు తగ్గింది, సంగటి తగ్గింది.

పప్పు అంటే కందిబ్యాళ్లే అని ఎందుకు పట్టుకుని కూర్చోవాలి? మాంసకృత్తులు కందిలో నూటికి 20కి పైన, ఉలవల్లోనూ అంతే. ఉలవలు కందిబ్యాళ్లలో సగం ధరకి దొరుకుతున్నాయి. అలసందలూ తక్కువే. వాన వెనకబడి ఏ పంటా వేయలేని ఏడాది కూడా ఆగస్టు, సెప్టెంబరులో ఉలవలు చల్లితే ఎంతో కొంత చేతికొస్తాయి. ఎడ్లకి పెట్టేవని చిన్నచూపు చూస్తారు. ఈ నెల నుంచి మా ఇంట్లో వారానికి రెండు రోజులు ఉలవకట్టు, ఉలవగుగ్గిళ్లు. పిల్లోడు మూతి ముడిచాడు. తిరగమాతలో తెల్లగడ్డ దండిగా వేస్తే తిన్నాడు.

2024 జులై 14, ఆదివారం

అత్తకి షుగర్ పెరిగిందని డాక్టరు చెప్పినప్పటి నుంచి ఇంట్లో అందరూ వైద్యులే. మా ఇంటాయన గుంతకల్లు వెళ్లి బిస్కెట్ల డబ్బా తెచ్చాడు. అట్ట మీద కంకి బొమ్మ, ఆకుపచ్చ రంగు, 'మల్టీగ్రెయిన్' అని పెద్ద అక్షరాలు. అమ్మ కోసం ప్రేమగా తెచ్చాడు కాబట్టి మెల్లగా చెప్పాను. వెనక్కి తిప్పి కళ్లద్దాలు పెట్టుకుని చదువుదాం రా అని పిలిచాను.

ఏ పదార్థం ఎక్కువ బరువుంటే దాని పేరు ముందు రాయాలని చట్టం. ఈ డబ్బా మీద మొదట శుద్ధి చేసిన గోధుమపిండి, అంటే మైదా. తర్వాత చక్కెర. తర్వాత పామాయిల్. కంకి బొమ్మలో ఉన్న ధాన్యాలు ఆ వెనకెక్కడో, పక్కన శాతం వేసి ఉన్నాయి. పేరులో గొప్పగా చెప్పుకున్న పదార్థం ఎంత శాతం ఉందో రాసి తీరాలి కాబట్టి రాశారు. వాటన్నింటి శాతాలు కూడినా పిడికెడు కాదు. చక్కెర ఒక్క పేరుతో ఉండదని కూడా ఆయనకి చూపించాను. లిక్విడ్ గ్లూకోజ్, ఇన్వర్ట్ సిరప్, మాల్టోడెక్స్‌ట్రిన్, ఇవన్నీ ఒంట్లోకి పోయాక చేసే పని ఒకటే. పోషకాల పట్టికలో 'ఒక సర్వింగ్'కి ఇచ్చిన అంకె చూడకూడదు, 100 గ్రాముల వరుస చూడాలి. వాళ్ల లెక్కలో సర్వింగ్ అంటే రెండు బిస్కెట్లు. రెండుతో లేచేవాళ్లు మా ఇంట్లో లేరు. చక్కెర రోజుకి 25 గ్రాములు దాటొద్దని పోషకాహార సంస్థ మాట. అత్తకే కాదు, అందరికీ.

ఇంతకంటే నన్ను బాధపెట్టే సంగతి ఇంకొకటుంది. ప్యాకెట్టు వైశాల్యం 100 చదరపు సెంటీమీటర్లు మించకపోతే దాని మీద పదార్థాల జాబితా, పోషకాల పట్టిక వేయనక్కర్లేదు. ఆ చిన్న ప్యాకెట్లన్నీ వచ్చే పెద్ద సంచి మీద వేస్తే చాలు. ఆ పెద్ద సంచి అంగడాయన చించి పారేస్తాడు. డబ్బున్నవాళ్లు కొనే పెద్ద డబ్బా మీద చదువుకోవడానికి అక్షరాలున్నాయి. కూలికి పోయే తల్లి బిడ్డ చేతిలో పెట్టే చిన్న ప్యాకెట్టు మీద అవీ ఉండకపోవచ్చు. ఇది మారాలి. ఎవరైనా అడిగే మనిషి దొరికితే నేనీ మాటే చెబుతాను.

2024 ఆగస్టు 4, ఆదివారం

ఉరవకొండ సంతకి పోయి కొర్రబియ్యం తెచ్చాను. రెండు రకాలు చూపించారు. ఒకటి తెల్లగా, నున్నగా, కళ్లకి ఇంపుగా ఉంది. రెండోది పసుపు చాయతో మసకగా ఉంది. మసకవే తీసుకున్నాను. తెల్లవి పాలిష్ పట్టినవి. తవుడుతో పాటు పీచూ పోయాక కొర్ర తిన్నామన్న పేరు తప్ప వరిబియ్యం కంటే పెద్ద తేడా ఉండదు. ధర మాత్రం వరికి రెండింతలు. తవుడు ఉన్న కొర్రబియ్యం తొందరగా పురుగు పడుతుంది, ముక్కవాసన కొడుతుంది. అందుకని నెలకి సరిపడానే తెచ్చుకోవాలి, పిడికెడు తీసి వాసన చూసి తెచ్చుకోవాలి. సజ్జపిండి ప్యాకెట్లో కొననే కొనను. సజ్జల్లో కొవ్వు ఎక్కువ, పిండి చేసిన కొద్దిరోజులకే చేదెక్కుతుంది. గింజలు తెచ్చుకుని వారానికోసారి మరకి పట్టుకుపోవడమే.

మైసూరులో ఉండే ఖాదర్ వలీ గారి ఉపన్యాసాలు విని మా వీధిలో కొర్రలు, ఆరికలు, సామలు, ఊదలు, అండుకొర్రలు అని పాఠంలా అప్పజెప్పేవాళ్లు ఉన్నారు. 2023లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. మన తాతలు తిన్న గింజల పేర్లు మళ్లీ నోట్లోకి తెచ్చినందుకు ఆయనకి రుణపడి ఉన్నాం. ఆయన మాటలు విని మాత్రలు మానేసిన పక్కింటి పెద్దాయన సంగతే నాకు భయం. కొర్ర మంచి తిండి. మందు పని మందే చేయాలి. రాగుల సంగతీ అంతే. 100 గ్రాముల రాగుల్లో కాల్షియం 350 మిల్లీగ్రాములకి పైనే, బియ్యంలో పది కూడా లేదు. బడిలో పిల్లలకి రాగిజావ 2023 మార్చి నుంచి ఇస్తున్నారు, ఎముకలు గట్టిపడతాయి. కానీ షుగరున్న అత్త పలచటి జావ గ్లాసులు గ్లాసులు తాగితే అది తొందరగా అరిగి రక్తంలో చేరుతుంది. ఆమెకి సంగటి ముద్దే పెట్టాలి, అదీ చిన్నది, పక్కన ఆకుకూర పప్పు ఎక్కువగా.

ఆకుకూర సంతలో కట్ట 15 చెప్పారు. కొనలేదు. వానకి చేలగట్ల మీద గురుగాకు, చెంచలాకు పుష్కలంగా లేచింది. గడ్డిమందు కొట్టని చేను ఎవరిదో కనుక్కుని కోసుకొచ్చాను. ఈ రోజుల్లో ఆకు కోసే ముందు ఆ ఒక్క మాట అడగాలి.

2024 సెప్టెంబరు 15, ఆదివారం

నిన్నటి నుంచి దిగుమతి నూనెల మీద సుంకం పెంచారు. ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద ఇంతకాలం మూల సుంకం లేదు, ఇప్పుడు 20 శాతం. శుద్ధి చేసినవాటి మీద 12.5 ఉన్నది 32.5. ఈ రోజే అంగట్లో ప్యాకెట్టు రేటు మారింది. పాత నిల్వే కదన్నా అంటే, రేపు తెచ్చేది కొత్త రేటుకే కదక్కా అన్నాడు.

దేశంలో శనక్కాయకి పేరు మోసిన జిల్లా మాది. చిన్నప్పుడు జొన్న, కొర్ర, ఆరిక వేసిన చేలన్నీ నా కళ్లముందే శనక్కాయ చేలయ్యాయి. ఇంత కాయ పండించి ఇంట్లో పామాయిల్ కాచుకుంటున్నాం. కాయ అమ్మితే అప్పు తీరుతుంది, నూనె ఆడించుకుంటే తీరదు. అందుకని మా ఇంటాయనతో గొడవ పడను. అయితే ఒక దారి ఉంది. నూనె తగ్గించి గింజ తినడం. రోజుకి 35 గ్రాముల గింజలు తినమన్నారు కదా, శనగవిత్తనాలు అందుకు మించినవి లేవు. నూటికి పాతిక పాళ్లు మాంసకృత్తులే. వేయించి, ఎండుమిరపకాయ, తెల్లగడ్డ, చింతపండు వేసి ఊరిబిండి నూరితే తిరగమాత లేకుండా సంగటి దిగుతుంది. బడి నుంచి వచ్చే పిల్లోడికి ఉడకబెట్టిన కాయలు, ఇంత బెల్లం. బెల్లం కూడా నల్లటిదే తెస్తున్నాను. పసుపుపచ్చగా మెరిసే బెల్లానికి ఆ రంగు చాలావరకు హైడ్రోస్ అనే రసాయనం కలిపితే వస్తుంది, చెరుకురసం సహజంగా అంత తెల్లబడదు.

2024 అక్టోబరు 23, బుధవారం

అనంతపురంలో పండమేరు వాగు పొంగి ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. ఎండిపోయే కాలంలో చుక్క రాల్చని మేఘం పంట పీకాక వచ్చింది. ఇక్కడ కూడా పీకి వామేసిన శనక్కాయ తడిసింది. చెట్టుకే మొలకలొచ్చాయి కొన్నిచోట్ల.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా రాసుకుంటున్నాను, సంఘంలో కూడా చదువుతాను. శనక్కాయకి పట్టే పచ్చబూజు నుంచి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది కాలేయాన్ని తింటుంది, క్యాన్సర్ దాకా తెస్తుంది. కాయ గట్టిపడే ఆఖరి రోజుల్లో బెట్ట తగిలితే ఆ బూజు భూమిలో ఉండగానే లోపలికి పోతుంది. పీకాక తడిస్తే ఇంకా పెరుగుతుంది. ఈ ఏడు మాకు రెండూ జరిగాయి. వేయించినా, ఉడకబెట్టినా ఆ విషం పూర్తిగా పోదు. అంగట్లో తక్కువ ధరకి వచ్చే ముడత విత్తనాలు, పగిలినవి, రంగు మారినవి ఈ బాపతు ఎక్కువ. ఏరి తీసేసిన ఆ గింజలే కారం పట్టించి, పొడిచేసి చిక్కీలో కలిపి అమ్మితే కంటికి కనబడవు. అందుకని ఈ సీజన్లో పొడి, చిక్కీ బయట కొనేది లేదు. నిండు గింజ తెచ్చుకుని, చేటలో పోసుకుని, ఒక్కొక్కటి ఏరి తొక్క మీద మచ్చ ఉంటే పారేయడమే. మంచివాటితో కలిపి ఆడించొద్దు, పాడిబర్రెకి పెట్టొద్దు. పశువు తింటే పాలల్లోకి వస్తుంది. అత్తకి పారేయడమంటే ప్రాణం పోయినట్టుంటుంది, కరువు చూసిన మనిషి. దగ్గర కూర్చుని నెమ్మదిగా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చేట తనే తీసుకుంది. నాకంటే ఆమె కళ్లకే మచ్చలు బాగా కనబడుతున్నాయి.

2024 నవంబరు 17, ఆదివారం

మీటింగులో ఈ రోజు అప్పుల మాట పక్కనబెట్టి సరుకుల లెక్క తీశాం. ప్రతి ఒక్కరినీ వాళ్ల పద్దు చీటీ తెమ్మన్నాను. రెండు రూపాయల షాంపూ సంగతి వదిలేశాం, తిండివి మాత్రమే చూశాం. కారం, పసుపు, టీ పొడి, నూనె, పప్పు. ప్యాకెట్టు మీద ఇప్పుడు గ్రాముకి ఎంతో, కిలోకి ఎంతో కూడా వేస్తున్నారు, గరిష్ఠ ధర పక్కనే చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది చదవడం అందరికీ నేర్పించాను. పది రూపాయల కారం పొట్లాన్ని కిలోకి కట్టి చూస్తే ఎండుమిరపకాయలు తెచ్చి మరాడించినదాని కంటే చాలా ఎక్కువ పడింది. అందరికంటే ఎక్కువ ధర పెట్టి కొంటున్నది అందరికంటే తక్కువ కూలి వచ్చే ఇల్లే అని చూసేసరికి గదిలో ఎవరూ మాట్లాడలేదు.

అప్పుడు నా మాట చెప్పాను. సంక్రాంతి ముందు కంది కోతలైపోతాయి. సంఘం పొదుపులోంచి తలా ఇంత తీసి, ఊళ్లోనే కల్లం దగ్గర కందులు, ఉలవలు ఏడాదికి సరిపడా నగదు ఇచ్చి కొందాం. కొర్రలు ఇద్దరు రైతుల దగ్గర ఉన్నాయి, నవధాన్యాలు చల్లి పురుగుమందు లేకుండా పండించినవాళ్లు. మద్దతు ధర కంటే తక్కువ అడగొద్దు. మన పక్కింటివాడి చెమట తగ్గించి మన పప్పు చవక చేసుకోవడం నాకు ఇష్టం లేదు. అతనికీ బండి బాడుగ, మార్కెట్ ఖర్చు తప్పుతాయి, మనకీ మధ్య ధర తప్పుతుంది.

అంగడాయన సంగతేమని ఒకామె అడిగింది. న్యాయమైన ప్రశ్న. కరోనా నెలల్లో ఎవరూ గడప తొక్కనివ్వనప్పుడు పద్దు రాసుకుని బియ్యం ఇచ్చింది ఆయనే. నేనే వెళ్లి చెప్పాను, పప్పు మేం కొనుక్కుంటాం అన్నా, పాత బాకీ ముందు తీరుస్తాం, ఉప్పు చింతపండు నీ దగ్గరే అని. ఆయన కాసేపు త్రాసు తుడుస్తూ ఉన్నాడు. "చిన్న ప్యాకెట్లలో నాకు మిగిలేది ఎంతక్కా, కంపెనీ వాడికే" అన్నాడు. కొర్రలు తెప్పిస్తే తన దగ్గర కూడా అమ్ముతానన్నాడు. పాలిష్ లేనివి తెప్పిస్తానంటే సరే అన్నాను.

2025 జనవరి 19, ఆదివారం

సంక్రాంతి వెళ్లింది. కందులు కొన్నాం. క్వింటాలు 7,550కే, మద్దతు ధరకే. బయట రేటు పోయినేడంత లేదు, అందుకే రైతు కూడా సంతోషంగా ఇచ్చాడు. గింజ పంటి కింద పెట్టి చూసింది అత్త. టక్కుమని విరిగితే ఎండినట్టు, అణిగితే పచ్చి. రెండు సంచులు వెనక్కి ఇచ్చి ఇంకో రెండు రోజులు ఎండబెట్టమంది. రైతు కాదనలేదు. నగదు చేతిలో ఉంటే ఆ మాట అనొచ్చు.

ఎర్రమట్టి నీళ్లు పట్టించి ఎండబెట్టాం. సగం మరకి పోయింది. సగం అలాగే గింజగా ఉంచాం, బ్యాళ్లు చేస్తే పురుగు తొందరగా పడుతుంది, గింజగా ఉంటే ఏడాది ఆగుతుంది. డ్రమ్ముల్లో ఎండిన వేపాకు పొరలు పొరలుగా వేశాం. మర తరుగు, కూలి పోను కిలో బ్యాళ్లు 116 పడ్డాయి. అనుకున్నదానికి ఒక్క రూపాయి ఎక్కువ. మా ఇంటికి నెలకి ఆరు కిలోలు లెక్క వేశాను. పది ఇంకా దూరమే, మిగతాది ఉలవలు, అలసందలతో పూడ్చుకోవాలి.

సంఘంలో ముగ్గురు ఈసారి కలవలేకపోయారు. ఒకామె భర్త ఆసుపత్రి ఖర్చుకి పొదుపు అంతకుముందే తీసేసుకుంది. ఇంకో ఇద్దరు బెంగళూరుకి పనికి వెళ్లి పండక్కి కూడా రాలేదు. ఎవరికి మంచి పప్పు అందరికంటే ఎక్కువ అవసరమో వాళ్లే ఈ కొనుగోలుకి బయట ఉన్నారు. సంఘం డబ్బుతో ఇంకో క్వింటాలు కొని వాళ్ల పేరు మీద పక్కన పెడదామని, నెలనెలా కిలోకి కిలో డబ్బు కట్టి తీసుకెళ్తారని వచ్చే మీటింగులో అడగబోతున్నాను. వడ్డీ వేయాలని లీడరు అంటుందని తెలుసు. వేయొద్దని నేనంటాను. రైతు దగ్గర ఇంకా నాలుగు సంచులు ఉన్నాయి, వచ్చే ఆదివారం దాకా అమ్మనని మాట ఇచ్చాడు.